ఆషాఢంలో పెట్టిన సంతకం

జూన్ 27, 2025
ఉషకు మిల్లు నుంచి ఉద్యోగం ఆర్డర్ వచ్చింది. పుంగనూరు రోడ్డులో నేను ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న నూలు మిల్లే. అక్క పోయినప్పటి నుంచి నా దగ్గరే పెరిగిన బిడ్డ. వీధంతా వినేలా అరిచాను.

రేపే చేరతా చిన్నమ్మా అనింది. నిన్ననే ఆషాఢం పట్టింది, శ్రావణంలో చేరుదువులే, నెల టైమ్ ఇచ్చినారు కదా అన్నాను. మిషన్లకు గూడా ఆషాఢం ఉంటాదా అని నవ్వింది. నోరు ముయ్యమన్నాను. నా మాట ఎప్పుడూ కాదనదు.

జూలై 17
మేనేజ్‌మెంటుతో ఆరో మీటింగ్. యూనియన్ కమిటీలో ఆడమనిషిని నేనొక్కదాన్నే. పాతవాళ్లకు జీతం పెంచుతారట. జూలై ఒకటి తర్వాత వచ్చేవాళ్లకు మాత్రం వేరే గ్రేడ్, మా జీతంలో సగం. ప్రెసిడెంట్ శంకరప్ప, యాడ ఉండారో తెలీనోళ్ల కోసరం చేతికొచ్చేది పోగొట్టుకుంటామా చంద్రికమ్మా అన్నాడు.

ఉష గుర్తొచ్చింది. దాని ఆర్డర్ జూన్‌లోది కదా, ఫరవాలేదనుకున్నాను. ఎవరినీ అడగలేదు. మిగతా పిల్లలెవరూ గుర్తు రాలేదు, అదీ నిజమే. ఐదుగురం సంతకాలు పెట్టాం. స్వీట్లు పంచారు. రెండు తిన్నాను.

జూలై 25
శ్రావణ శుక్రవారం. ఉషకు బొట్టు పెట్టి నాతోనే తీసుకెళ్లాను. నా పక్క మిషనే ఇచ్చారు. నాకంటే చురుగ్గా దారం ముడేస్తోంది.

సెప్టెంబర్ 5
ఆగస్టు జీతం స్లిప్పులు ఇచ్చారు, ఉషకు మొదటి పూర్తి నెల. ఉష తనది చూసి, నాది అడిగి చూసింది. పరిగెత్తుకుంటూ ఆఫీసుకు పోయాను. ఆర్డర్ తేదీ లెక్కకు రాదమ్మా, చేరిన తేదీనే అని క్లర్కు మాధవి చెప్పింది.

సాయంత్రం ఉష ఒకే మాట అడిగింది. ఆ కాయితంలో నీ సంతకం గూడా ఉండాదంట, నిజమా చిన్నమ్మా అని. ఔనన్నాను. తిట్టి ఉంటే బాగుండేది. వెళ్లి పడుకుంది.

సెప్టెంబర్ 6
క్యాలెండర్ చూశాను. ఉష చేరతానన్న రోజు, జూన్ 28, శనివారం. మిల్లు మామూలుగానే నడిచింది.

అక్టోబర్ 12
ఉష మదనపల్లెలో కొత్త పిల్లలతో కలిసి రూమ్ తీసుకుంది. బస్సులో వచ్చిపోతోంది. మిషన్ కూడా మార్పించుకుంది.

శంకరప్పను పట్టుకుని, దాన్ని పాత గ్రేడ్‌లో పెట్టించు, కావాలంటే నన్ను కిందికి దించమను అని ఏడ్చాను. అగ్రిమెంట్ నాలుగేండ్లు కదలదు, యాల ఏడుస్తావు, నువ్వూ చదివే పెట్టినావు కదా అన్నాడు.

మధ్యాహ్నం ఉషకిష్టమని సంగటి, ఊరిబిండి పచ్చడి తీసుకెళ్లాను. వద్దు, మాకు సరిపోతాది అనింది. మాకు అంటే నేను లేని వాళ్లు.

నవంబర్ 3
గేటు దగ్గర కొత్తవాళ్ల అర్జీ. అగ్రిమెంట్ రద్దు చేయమని. మమ్మల్ని అమ్మేసినోళ్లు అని ఐదు పేర్లు. నాది మూడోది. రాసింది ఉష.

పెన్ను తీసుకుని అడుగున నేనూ సంతకం పెట్టాను.

ఉష వచ్చి చూసింది. ఇది మాకొద్దు మేడం అని, నా సంతకాన్ని కొట్టేసింది.