భార్య స్థానంలో ఇప్పటికే ఒకరున్నారు

అక్కా,

గొంతు ఆపరేషన్ అయ్యేదాకా నిన్ను నోరు విప్పొద్దన్నారని బావ చెప్పాడు. చిన్నప్పటినుంచీ నీ నోటికి భయపడి బతికినదాన్ని కదా, కాస్త సంతోషం కూడా కలిగింది. కోప్పడకు. ఫోనులో వాగితే బదులు చెప్పకుండా ఉండలేవు. అందుకే ఉత్తరం.

ఆపరేషన్‌కి వస్తానని మాటిచ్చాను. ఊరూరా తిరిగి ఆస్పత్రుల్లో స్కానింగ్ యంత్రాలు బాగుచేసినన్నాళ్లూ విమానం కంపెనీవాళ్లు నా ఖాతాలో వేసిన పాయింట్లున్నాయి. విమానాశ్రయాల కుర్చీల్లో ముడుచుకుని పడుకుని కూడబెట్టినవి. వాటితో టికెట్ తీసుకోబోతే కుదరదట. ఖాతా నాన్న ఇంటిపేరు మీద ఉంది, పాస్‌పోర్టు ఈయన ఇంటిపేరు మీద ఉంది. పెళ్లి సర్టిఫికెట్ పంపితే మసకగా ఉందన్నారు. మళ్లీ పంపితే పాత పేరున్న గుర్తింపు కార్డు కావాలన్నారు. అది వెనక్కిచ్చేస్తేనే కదమ్మా కొత్తది ఇచ్చారు అన్నాను. "అయితే ఆ పాత పేరావిడ చేత ఒకసారి ఫోన్ చేయించండి మేడమ్" అంది ఫోనులో ఆ కంపెనీ అమ్మాయి. నేను నేనే కదా అక్కా, ఇంకెవరిచేత చేయించను?

డబ్బు పెట్టి కొనుక్కోవచ్చుగా అంటావు. నా కష్టార్జితం ఉండగా ఎందుకు కొనాలి అని పంతం పట్టాను. నా తిప్పలు చూసి మీ మరిది, "నా పాయింట్లు వాడుకో. వంతెనల పనికి తిరిగీ తిరిగీ బోలెడు పోగయ్యాయి" అన్నారు. ఆయన ఖాతా నుంచి టికెట్ తీయాలంటే అందులో నా పేరు చేర్చాలి. ఆయన పక్కనే ఉండగా నేనే ఫోన్ చేశాను.

"మీ ఇంటిపేరు చెప్పండి" అంది అవతలి అమ్మాయి. చెప్పగానే గొంతులో తేనె కారిపోయింది. "నమస్తే డాక్టరుగారూ! మీకు ఎప్పటిలాగే కిటికీ పక్క సీటేనా?"

నేను డాక్టరుని కాదన్నాను. భార్యనన్నాను. కీబోర్డు టకటకలాడించి, "భార్య స్థానంలో ఇప్పటికే ఒకరున్నారు మేడమ్" అంది.

ఎవరో నీకు చెప్పాలా? ఆయన మొదటి భార్య, ఆ పళ్ల డాక్టరమ్మే. విడాకులయి ఇన్నేళ్లయినా ఆయన ఖాతాలో భద్రంగా ఉంది. ఆమె పేరు తీసేస్తేనే నా పేరు చేరుతుందట. ఆయన వైపు చూశాను. "దానికి ఆమె ఒప్పుకోవాలి. చూద్దాంలే" అని చెప్పులేసుకుని బయటికెళ్లిపోయారు.

చూద్దాంలేనట! ఆమె ఇప్పటికీ ఆ ఇంటిపేరే వాడుతోందని తెలిసినప్పుడు, ఆమెకున్నది నాకెందుకుండకూడదని పంతానికి పోయి నేనూ మార్చుకున్నాను. ఇప్పుడు చూడు, రెంటికీ చెడ్డాను. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు. ఆమె కూర్చున్న సోఫాలో కూర్చోలేకపోతున్నాను. ఆయన పళ్లు తోముకుంటుంటే, ఆ బ్రష్ పట్టుకునే తీరు కూడా ఆమె నేర్పిందేనేమోనని ఒళ్లు మండిపోతోంది. నవ్వకు, కుట్లు పిగులుతాయి అనేదాన్ని గానీ ఇంకా కుట్లు పడలేదుగా.

అసలు మాట చెప్పేస్తాను. నిన్ను చూడటానికి వస్తున్నానని ఆయనకి చెప్పాను. తిరిగి వెళ్లనని చెప్పలేదు. డబ్బు పెట్టయినా వచ్చేస్తాను. బావకి మాత్రం చెప్పకు.

నీ పిచ్చుక

*

అక్కా,

నువ్వు తిడతావనే చెప్పకుండా వెళ్లాను, ఆ డాక్టరమ్మ దగ్గరికి.

బోర్డు మీద పెద్ద అక్షరాలతో ఆయన ఇంటిపేరే. ఆ అక్షరాలు చూడగానే నాలుగు మాటలతో కడిగేయాలని పళ్లు కొరుక్కుంటూ లోపలికెళ్లాను. "కొరకకండి, అరిగిపోతాయి" అంది ఆమె. నా ఫొటో ఎక్కడో చూసిందట, గుర్తుపట్టేసింది. చివరి పేషెంటు వెళ్లేదాకా కూర్చోబెట్టింది. మనిషి నాకంటే పొట్టి. జుట్టు నాకంటే ఒత్తు. చేతులు మరీ అందంగా ఉన్నాయి. ఇవన్నీ చూశానా అంటే చూశాను మరి.

"ఆ పేరు మీకింకా ఎందుకు?" అని అడిగేశాను.

"పేషెంట్లందరికీ ఆ పేరుతోనే తెలుసమ్మా. బోర్డు మారిస్తే డాక్టరు మారిందనుకుంటారు."

"సరే, బోర్డు ఉంచుకోండి. ఆయన పాయింట్లలో మీకేం పని?"

ఆమె గ్లవ్స్ తీసి బుట్టలో పడేసింది. "మీ పెళ్లయిన వారానికే ఆయన అడిగారు. ఒప్పుకుంటూ ఒక్కసారి నొక్కమని నా ఫోనుకి మెసేజ్ వచ్చింది. రెండోసారి అడిగారు. నేనే నొక్కలేదు."

"పెళ్లయిన వారానికేనా?" అన్నాను.

"మేం కలిసున్నప్పుడు ఎక్కడికైనా వెళ్దామంటే, పాయింట్లు ఇంకాస్త పోగవనీ అనేవారు. ఏ పనికో నేను ఒంటరిగా కిటికీ పక్కన కూర్చుని వెళ్లడమే తప్ప ఇద్దరం కలిసి ఒక్కసారి ఎక్కలేదు. మీరు రాగానే అవన్నీ మీకిచ్చేస్తానంటే..." అని ఆగింది. "నాకు కుళ్లు పుట్టింది. ఆయన కావాలని కాదు. మీకు మాత్రం దక్కకూడదనిపించింది. నా వయసుకి సిగ్గుచేటే."

ఇన్నాళ్లూ నేను ఎవర్ని చూసి ఏడ్చానో ఆమె నన్ను చూసి ఏడుస్తోంది అక్కా! పట్టరాని సంతోషం కలగాలి కదా. కలిగింది కూడా, దాచనెందుకు. తర్వాత ఆమె ఫోను తీసి, నా ముందే ఆ మెసేజ్ వెతికి నొక్కింది. వెతుకుతున్నంతసేపూ ముక్కు ఎగబీలుస్తూనే ఉంది. మంచినీళ్ల గ్లాసు అందించాను. అంతకంటే ఏం చేయాలో తోచలేదు.

నీ పిచ్చుక

*

అక్కా,

ఇంటికి రాగానే ఆయన్ని నిలదీశాను. "ఆమె ఒప్పుకోలేదని నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు ఆమెను తిట్టేదానివి."

"తిడితే?"

"నాకు నచ్చదు" అన్నారు.

ఆ మాట ముల్లులా దిగింది. ఇంకా తీయలేకపోతున్నాను. అప్పుడే చెప్పేశాను, తిరిగి రాకూడదనుకుంటున్నానని. ఆయన కుర్చీ జరుపుకుని కూర్చున్నారు. "ఆమెను ఎక్కడికీ తీసుకెళ్లలేదు. అది నా తప్పే. ఇప్పుడు ఆమెను నీ ముందు చెడ్డదాన్ని చేస్తే నేనేం మనిషిని?" అన్నారు. అలాంటి మనిషి మీద కోపం ఎలా నిలుపుకోవాలో నువ్వే చెప్పు. అలాగని కుళ్లు పోయిందా అంటే, లేదు.

ఆయన ఖాతాలోకి నా పేరు చేరింది. ఆపరేషన్ ముందురోజు దిగుతున్నాం. అవును, ఇద్దరం. సెలవు పెట్టడం ఆయన ఉద్యోగంలో ఇదే మొదటిసారట. నాతో గొడవ తేలలేదు కాబట్టి, దారి పొడుగునా తిట్లు తినడానికి వస్తున్నానంటున్నారు. నీకు గొంతు వచ్చాక మా ఇద్దరి తగవూ విను. తీర్పు నాకు అనుకూలంగా చెప్పు.

నీ పిచ్చుక