వినిపించని కూత

మంగళవారం, రాత్రి

నూకరాజు ఈరోజు తన ఆల్బం చివరిసారి వినడానికి గోపాలపట్నంలోని మా రికార్డింగ్ స్టూడియోకి వచ్చాడు. చేపల వేటకెళ్లే వాళ్ల నాన్న పడవ మీద పాడిన పాటలు అవి. రెండో పాట దగ్గర ఆపమన్నాడు.

"బావా, ఆ సన్న కూత ఏటి?"

నాకేమీ వినిపించలేదు. మళ్లీ పెట్టినా వినిపించలేదు. "స్పీకర్‌ది బావా, పాటలో లేదు" అనేశాను.

"నువ్వు సెప్తే సాలు" అని నవ్వుతూ వెళ్లిపోయాడు.

మా ఆవిడను పిలిచి హెడ్‌ఫోన్స్ పెట్టాను. "సెవిలో గుచ్చుతంది. మీకు ఇనబడతన్లేదా?" అంది. లేదని మొదటిసారి పైకి చెప్పాను. కూత పోయిందని ఆమె చెప్పేదాకా తగ్గించి, పాట నూకరాజుకి మళ్లీ పంపాను.

ఇరవై ఏళ్లుగా నాకు తెలిసిన పని ఇలా పాటలు విని సరిచేయడమొక్కటే. నిజం చెబితే ఎవరూ రారు. చెప్పకపోతే, నమ్మి వచ్చినవాళ్లకి రోజూ అబద్ధమే చెప్పాలి.

"బాగా వచ్చింది బావా" అని ఇప్పుడే మెసేజ్ పెట్టాడు. ఫోన్ బోర్లా పెట్టేశాను.