సోమవారం సెలవు

ఆంట్‌వెర్ప్,
ఫిబ్రవరి చివరి వారం

ప్రియమైన వీర్లెకి,

ఫోన్ చేస్తే తీయవు. తీసినా, "నీ గొంతు వింటే కరిగిపోతాను, చెప్పాలనుకున్నది మర్చిపోతాను, ఉత్తరం రాయి" అంటావు. సరే తల్లీ, రాస్తున్నాను. గరిటె తిప్పే చేత్తో కలం పట్టడం ఎంత నరకమో నీకేం తెలుసు!

నువ్వు ఓస్టెండెలో మీ అక్క గ్రీత్ ఇంటికి వెళ్లి చలికాలం మొత్తం గడిచిపోయింది. "రెండు వారాలు గాలి మార్పు" అని వెళ్లినదానివి. మ్యూజియం వాళ్లు నీ సెలవు మళ్లీ పొడిగించారని నీతోపాటు అక్కడ కాపలా కాసే ఆల్బెర్ చెబితే తెలిసింది. "నీ పెళ్లాం ఎప్పుడొస్తుంది?" అని నన్నే అడుగుతున్నాడు. ఏం చెప్పను? ఈ ఇంట్లో మన పిల్ల హానె పోయిన దగ్గర్నుంచీ ఇద్దరమే మిగిలాం. ఇప్పుడు ఒక్కణ్ణే. పందొమ్మిదేళ్ల పిల్ల, నాలుగు రోజుల జ్వరానికి పోతుందని ఎవరనుకున్నారు? నీకు మాత్రమే కడుపుకోత అనుకోకు, వీర్లె.

ఒక మాట అడుగుతాను, కాదనకు. ఇన్నేళ్ల కాపురంలో మనం ఒక్కరోజైనా మిగతా మొగుడూ పెళ్లాల్లా ఊరు తిరిగామా? నువ్వు మ్యూజియంలో కాపలా, నేను హోటల్లో వంట. నీకూ సోమవారమే సెలవు, నాకూ సోమవారమే. ఆ రోజు ఊళ్లో మ్యూజియాలన్నీ మూత, మంచి హోటళ్లన్నీ మూత. నువ్వు కూర్చునే గది ఎలా ఉంటుందో నేనింతవరకూ చూడలేదంటే నవ్వుతారు ఎవరైనా.

ఒక గురువారం సెలవు పెడతాను. నువ్వు రా. పొద్దున బొమ్మలు చూద్దాం, సాయంత్రం దర్జాగా కూర్చుని ఎవరో వండింది తిందాం. ఆ తరువాత ఇంటికొస్తావో, రైలెక్కుతావో నీ ఇష్టం. బతిమాలడం నాకు రాదని తెలుసుగా. ఇది బతిమాలడమే అనుకో.

కుండల మధ్య నుంచి,
నీ మార్నిక్స్

*

ఓస్టెండె,
మార్చి

ప్రియమైన మార్నిక్స్,

నీ అక్షరాలు చూసి అక్క, "ఇది ఉత్తరమా, కూరల చీటీయా?" అంది. నేను చదివి వినిపించలేదు. లోపలికెళ్లి తలుపేసుకుని చదువుకున్నాను.

వస్తాను. కానీ ముందే చెబుతున్నాను, ఆశ పెట్టుకోకు. ఆ రోజంతా పిల్ల పేరు ఎత్తకూడదు. ఇంటి ఊసు ఎత్తకూడదు. ఎత్తావంటే అక్కడికక్కడే స్టేషన్‌కి నడుస్తాను. చేపల కంపు కొట్టే ఆ కోటు వేసుకు రాకు. మా గదిలో బొమ్మల ముందు నిలబడి పెద్ద గొంతుతో వ్యాఖ్యానాలు చెయ్యకు, ఆల్బెర్‌ ముందు నా పరువు పోతుంది.

నాకు రాత్రిళ్లు నిద్ర లేదు. సముద్రం చూస్తే బాగుంటుందన్నారు. చూస్తున్నాను, ఏమీ బాగోలేదు. నిన్ను చూడాలని ఉంది. అది మాత్రం దాచను.

గురువారం మొదటి బండికి,
వీర్లె

*

ఆంట్‌వెర్ప్,
శుక్రవారం

నా బంగారు వీర్లెకి,

నువ్వు రైలెక్కి ఒక్కరోజే అయింది. కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నాను. ఎన్నాళ్లకెన్నాళ్లకి నవ్వావే! ఆ పెద్ద చిత్రం ముందు, పళ్లేల నిండా చేపలూ పీతలూ పోసి ఉన్న దాని ముందు నేనేమన్నాను? "ఈ పీతని ఉడకబెట్టేశారు, ఎర్రగా ఉంది చూడు. ఉడికినదానికి డెక్కలు కట్టడమెందుకు, లేచి పారిపోతుందనా?" అన్నాను. నువ్వు నోరు మూసుకుని, మూసుకోలేక, పకపకా నవ్వేశావు. ఆల్బెర్ పరిగెత్తుకొచ్చి, "ఏమ్మా, పదహారేళ్లు అందరి నోళ్లూ మూయించి ఇప్పుడు నువ్వే మొదలెట్టావా!" అన్నాడు. వాడి మొహం చూడాల్సిందే.

అప్పుడే బడిపిల్లలొచ్చారు. ఒక పిల్ల పటం మీదికి వంగితే, నువ్వు సెలవులో ఉన్నావని కూడా మర్చిపోయి రెండు చేతులూ చాచి, "వెనక్కి, బంగారం, ఒక అడుగు వెనక్కి!" అన్నావు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకానివి, నీ కళ్లు ఊరుకుంటాయా?

నది ఒడ్డున ఉన్న కొత్త మ్యూజియం మాత్రం నాకెక్కలేదు. ఖాళీ గదిలో కుర్చీ వేలాడదీసి దాన్ని కళంటే ఎలా? అయినా అక్కడ నా చెయ్యి పట్టుకున్నావు. నేను కదిలితే వదిలేస్తావేమోనని ఆ దిక్కుమాలిన కుర్చీనే చూస్తూ నిలబడ్డాను.

ఇక నా స్నేహితుడు రాఫ్ హోటల్. సాటి వంటవాడు తినడానికొస్తే చీటీలో లేనిదొకటి పంపించడం మా వృత్తి మర్యాద. రొయ్యలు కూరి నూనెలో వేయించిన క్రొకెట్లు పంపాడు. దానికి లోపలికెళ్లి ఒక మంచిమాట చెప్పి రావడం మన మర్యాద. వెళ్లేసరికి వాడి కింద పనిచేసే వంటవాడి చెయ్యి తెగి ఉంది, బయట జనం నిండిపోయి ఉన్నారు. "మార్నిక్స్, ఓ చెయ్యి వెయ్యరా, చచ్చిపోతున్నా!" అన్నాడు. ఐదు నిమిషాలు సాయం పట్టి వచ్చేశాను. నువ్వు కాస్త కూడా విసుక్కోలేదు. అదీ నీ మంచితనం.

స్టేషన్లో, "ఆలోచించి రాస్తాను" అన్నావు. ఆలోచించడానికేముందే ఇంకా? కిటికీలు తుడిచాను, దుప్పట్లు మార్చాను. సోమవారం ఎలాగూ నాకు సెలవే. మధ్యాహ్నం బండికి స్టేషన్‌కొచ్చి నిలబడతాను. వచ్చెయ్.

ఎదురుచూపులతో కళ్లు కాయలు కాచిన,
మార్నిక్స్

*

ఓస్టెండె,
శనివారం

ప్రియమైన మార్నిక్స్,

నీ ఉత్తరం చదివి నవ్వాను. మళ్లీ చదివి ఏడ్చాను. అక్క భయపడింది.

నువ్వు రాసినదంతా నిజమే, ఐదు నిమిషాలన్న మాట తప్ప. నా పళ్లెంలో చేప చల్లారి, వెన్న గడ్డకట్టింది. వడ్డించే అమ్మాయి, "మీవారు వస్తారామ్మా, పళ్లెం వెచ్చబెట్టి తేనా?" అని రెండుసార్లు అడిగింది. నాకు కోపం రాలేదు, ఒట్టు. వంటింటి కిటికీలోంచి నువ్వు కనిపిస్తున్నావు. ఎవరిదో ఆప్రాన్ కట్టుకుని, చేప ముల్లు తీస్తూ, రాఫ్‌ని బూతులు తిడుతూ వెలిగిపోతున్నావు. పొద్దుట్నుంచీ నా పక్కన నడిచిన మనిషి మొహంలో ఆ కళ లేదు.

నేనేం తక్కువ తిన్నానా? ఆ పిల్ల వంగినప్పుడు చేతులు చాచాను చూడు, రోజంతటిలో నాకు ఊపిరాడింది అప్పుడే. పనిలో ఉంటేనే మనం మనుషులం. పని లేనప్పుడు మనకున్నది హానె ఒక్కత్తే. పేరు ఎత్తొద్దన్నదాన్ని నేనే ఎత్తుతున్నాను.

వారమంతా మీ అమ్మ దగ్గర పెరిగింది. సోమవారం మాత్రం ఇద్దరం బడి గేటు దగ్గర నిలబడేవాళ్లం. "ఊరంతా మూసేసి మన ముగ్గురికే సెలవిచ్చారు" అని గంతులేసేది. పెద్దయ్యాక కూడా ఆ రోజు స్నేహితులతో వెళ్లేది కాదు, నీతో పేకాడి నిన్ను దొంగా అని తిట్టేది. అది పోయాక సోమవారం పొద్దున నువ్వొక కుర్చీలో, నేనొక కుర్చీలో. ఇద్దరం గోడ గడియారం కేసి చూడటం. లేచి ఎక్కడికైనా పోదామంటే ఏ తలుపూ తీసి ఉండదు. ఒకసారి నీ వంక చూశాను. నీ కళ్లల్లో దాని కళ్లే ఉన్నాయి. మర్నాడే పెట్టె సర్దుకున్నాను.

నీ మీద ప్రేమ చచ్చిందనుకోకు. చచ్చినా బాగుండేది, వచ్చి ఆ కుర్చీలో హాయిగా కూర్చునేదాన్ని. గురువారం ఎంత బాగున్నాం మనం! గురువారాలు మాత్రమే ఉన్న కాపురం ఎక్కడైనా ఉంటే చెప్పు, చెప్పుల్లేకుండా పరిగెత్తుకొస్తాను.

మ్యూజియానికి రాజీనామా పంపేశాను. ఆల్బెర్‌కి నువ్వే చెప్పు, నాకు ధైర్యం చాలదు. ఇక్కడ ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే పని దొరికింది. "నీకు ఏ రోజు సెలవు కావాలి?" అని అడిగిందక్కడి పెద్దావిడ. ఏ రోజైనా ఇవ్వండి, సోమవారం మాత్రం వద్దన్నాను. ఆవిడ తెగ సంతోషించింది. అందరూ ఆ రోజే అడుగుతారట.

స్టేషన్‌కి రాకు, మార్నిక్స్. బండి వస్తుంది, నేను రాను. నువ్వు చలిలో నిలబడి ఉంటావన్న ఊహ నాకు వద్దు. ఆ వేళకి నేను పనిలో ఉంటాను.

ఇప్పటికీ నీదాన్నే,
వీర్లె