నేను తొక్కిన వల

మావా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఆడది వల దాటినా, తొక్కినా చేపలు పడవంటారని పెళ్లయిన కొత్తలో నాకు తెలియదు. నీ వల దాటినందుకు తెడ్డుతో నా కాలు విరగ్గొట్టావు. ఆ కుంటికాలితోనే పాతికేళ్లు చేపల గంప మోశాను. ఇక మోయలేక, నలభై ఆరేళ్ల వయసులో, జువ్వలదిన్నె హార్బర్‌లో చిరిగిన వలలు కుట్టే పని నేర్చుకున్నాను.

మొన్న నీ తమ్ముడు నీ వలనే తెచ్చి నా ముందు వేశాడు.

"వదినా, బిన్నా కుట్టియ్యి. రేపు వేటకు పోవాల."

"కాలు తగలకుండా కుట్టేది నాకు రాదబ్బయ్యా," అన్నాను.

"తగిలితే తగలనీలే," అన్నాడు తలెత్తకుండా.

అంచు కాలి బొటనవేలికి తగిలించి, నువ్వు విరగ్గొట్టిన కాలితోనే తొక్కిపట్టి రోజంతా కుట్టాను. ఈ ఉదయం ఆ వల నిండా చేపలొచ్చాయి. నీ చేతిలో ఉన్నన్నాళ్లూ ఇన్ని ఎప్పుడూ పడలేదు.

నాతో రోజూ తొక్కించి ఉండాల్సింది, మావా.