నీళ్లు లేని కాలువ

ఓర్సోలాకు, వెనిస్‌లో అందరం క్షేమమే. మన అమ్మాయికి నెలలు నిండాయి.

తెల్లవారుజామున కాలువ గట్టున కూర్చుంటే ఈ ఊరు మన కొండలాగే నిశ్శబ్దంగా ఉంటుంది, నాకు బాగుంటుంది. ఇవాళ చూస్తే కాలువలో నీళ్లు లేవు. బురదలో పడవలు ఒరిగి ఉన్నాయి. భయమేసింది.

అల్లుడు ఆల్విజే నవ్వాడు. "సముద్రం వెనక్కి లాగింది మామయ్యా. చలికాలంలో మామూలే. మీ కొండల్లోకేం పారిపోదులే!"

"మరి నొప్పులొస్తే ఆసుపత్రి పడవ ఎలా వస్తుంది?" అన్నాను. అతని నవ్వు ఆగిపోయింది.

ఆసుపత్రికి దారంతా మెట్ల వంతెనలే, బండి నడవదు. జబ్బు చేసినప్పుడు మీ అమ్మను కొండ దింపడానికి నేను వీపున కట్టుకున్న కుర్చీ మన అటక మీద ఉంది. పట్టీలు లాగి చూసి, ఈ కార్డు అందగానే రైల్లో పంపు. ఆవు మేత తింటోందా? నా భయం సంగతి అమ్మాయికి రాయకు.

ఆ రోజు దారిపొడుగునా మీ అమ్మ నా వీపు మీద హాయిగా నిద్రపోయింది. అమ్మాయి కూడా అలాగే నిద్రపోవాలని మరియమ్మ తల్లికి దీపం పెట్టు.

తిత్తా