మట్టి చలువ

చిన్నదానికి అక్క దీవెనలు.

ఇక్కడ నాన్న బాగున్నాడు, నేను బాగున్నాను, ఈనిన రెండు పందులూ బాగున్నాయి. నువ్వు బాగున్నావా అని అడగడానికే చెయ్యి రావడం లేదు. నీ ఉత్తరం చదివాక ఆ మాట అడిగితే పుండు మీద కారం చల్లినట్టే.

నాన్న కళ్ల గురించి అడిగావు. ఉత్తరాలు ఇప్పటికీ నా చేతే చదివించుకుంటున్నాడు, నా చేతే రాయిస్తున్నాడు. వంటగది కిటికీ తలుపు ఇంకా సరిగ్గా పడటం లేదు. అట్టముక్క మడిచి దూర్చాను. నీ దగ్గు తగ్గిందా? ఆ దాణా మిల్లులో పొద్దస్తమానం దుమ్ము గాలే కదా, ముక్కుకు గుడ్డ కట్టుకోవడం మానకు.

ఇక నువ్వు ముఖ్యంగా అడిగినవి. పందిపిల్లలకు ఇనుము చుక్కలు ఎన్నో రోజున వేశావు? ఒక్కో పిల్లకు ఎంత వేశావు? ఖనిజాల పొడి దాణాలో ఎంత కలిపావు? వీటికి జవాబు చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. ఓపిక పట్టు.

పాత షెడ్డులో మట్టి నేల మీద నా చేతిలో ఒక్క పిల్ల పోయేది కాదు. వచ్చినవాళ్లందరికీ నాన్న, "మా పెద్దదాని హస్తవాసి అలాంటిదండీ. చావబోయేది కూడా లేచి పాలు తాగుతుంది" అని చెప్పుకునేవాడు. నువ్వు చదువులో ముందుకెళ్లినా, ఉద్యోగం తెచ్చుకున్నా నాకు కన్ను కుట్టలేదంటే ఆ ఒక్క మాట వల్లే. నీకు చదువు, నాకు హస్తవాసి. పంపకం సరిపోయిందనుకున్నాను.

నిరుడు సిమెంటు నేల వేయించాం. అప్పటినుంచి రెండో వారానికల్లా పిల్లలు పాలిపోవడం, రొప్పడం. నేను కింద పరిచే గడ్డి మార్చాను, తల్లి మేత మార్చాను, ఏదీ పని చేయలేదు. నువ్వేమో షెడ్డులో కాలు పెట్టకుండా ఒక్క కాగితం మీద తేల్చేశావు. తల్లి పాలలో అన్నీ ఉంటాయి గానీ ఇనుము చాలదనీ, పాత షెడ్డులో పిల్లలు మట్టి కెలుక్కుని ఆ లోటు తీర్చుకునేవనీ, సిమెంటు మీద ఆ దారి మూసుకుపోయిందనీ రాశావు.

అంటే ఇన్నేళ్లూ నా హస్తవాసి అనుకున్నదంతా మట్టి చలువ. నేను లేకపోయినా ఆ పిల్లలు బతికేవే!

నాన్న ఆ ఉత్తరం నాలుగుసార్లు చదివించుకున్నాడు, అదీ నా నోటితోనే. పందుల పెంపకం సంఘంలో అందరి ముందూ, "పెద్దది పదిహేనేళ్లుగా చేస్తున్నా తెలియనిది చిన్నది కూర్చున్నచోటే చెప్పింది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడులే. నేను మాత్రం ఆ నవ్వులో కలవలేకపోయాను.

నువ్వు పంపిన చుక్కల సీసాలూ పొడి సంచీ చేరాయి. నల్లపంది పదకొండు పిల్లల్ని ఈనింది. ఇప్పుడు నీకు జవాబు. చుక్కలు ఏ రోజూ వేయలేదు. ఒక్క పిల్లకూ వేయలేదు. పొడి చిటికెడు కూడా కలపలేదు. అన్నీ పనిముట్ల పెట్టె అడుగున దాచాను.

అవి చావాలని కోరుకోలేదే. నీ మందు లేకుండా నా చేతి కింద బతకాలని కోరుకున్నాను. రోజూ పొద్దున్నే ఒక్కో పిల్లనూ ఎత్తి చెవులు వెలుతురుకు పట్టి చూసేదాన్ని. పన్నెండో రోజుకు చెవులు కాగితాల్లా తెల్లబడ్డాయి. అప్పుడైనా పెట్టె తెరవొచ్చు. తెరిస్తే నువ్వు గెలిచినట్టవుతుందని తెరవలేదు. నాలుగు పోయాయి.

"చిన్నది పంపిన మందు వేశావా అమ్మా?" అని నాన్న అడిగాడు.

"వేశాను నాన్నా. అది వేశాకే ఇలా అయ్యాయి."

ఆ సంగతి నీకు నాన్న చెబుతుంటే రాసింది నేనే. "ఇకముందు నీ మందులు పంపొద్దు" అన్న చివరి వాక్యం మాత్రం నాన్న చెప్పింది కాదు.

నెల కిందట నీ జవాబు వచ్చింది. షెడ్డు గుమ్మంలో కూర్చుని నాన్నకు చదివి వినిపిస్తున్నాను. నీ మాట మీద మిల్లులో మీ పెద్దసారు ఆ సీసాల అమ్మకం ఆపించాడనీ, నువ్వూ ఆ పని మానేద్దామనుకుంటున్నావనీ చదివాను. దాని కింద, "అక్క చేతిలో తప్పు జరగదు నాన్నా. తప్పు నా కొలతలోనే ఉంటుంది" అని ఉంది. అక్కడే కాగితం మడిచాను.

"ఆగిపోయావేం? చదువు."

లేచి వెళ్లి సీసాలు తెచ్చి నాన్న ఒళ్లో పెట్టాను. ఆయన మూత చుట్టూ బొటనవేలితో తడిమాడు. సీలు చెక్కుచెదరలేదు. తిడతాడనుకున్నాను.

"నేనూ నోరు జారాను, నిజమే. కానీ ఆ మూగజీవాలేం చేశాయే?" అన్నాడు. తర్వాత, "నాకు చెబితే ఏం లాభం? దానికి రాయి" అని లేచి వెళ్లిపోయాడు.

వెంటనే రాయలేకపోయాను. మిగిలిన ఏడింటికీ ఆ పూటే చుక్కలు వేశాను. వారం తిరిగేసరికి చెవులకు రంగొచ్చింది, రొప్పు తగ్గింది. తర్వాత మచ్చలపంది తొమ్మిదింటిని ఈనింది. మూడో రోజున ఒక్కోదాని మూతి తెరిచి, నువ్వు రాసిన కొలత తప్పకుండా వేశాను. అవి పుట్టి ఈరోజుకు పద్నాలుగు రోజులు. తొమ్మిదీ గులాబీరంగులో ఉన్నాయి, తల్లిని పడుకోనివ్వడం లేదు.

నాన్న చూసి, "చిన్నది చెప్పినట్టే అయింది" అన్నాడు. నాకు కుట్టలేదంటే అబద్ధం. కుట్టింది. ఇంకా కుడుతుందేమో కూడా. చేతిలో ఉన్న పిల్ల మాత్రం కాళ్లు తన్నుకుంటూ పాల కోసం గీపెడుతోంది. దాన్ని తల్లి దగ్గర వదిలాకే నాన్నకు, "అవును నాన్నా" అని జవాబిచ్చాను.

సంఘంలో నిన్న నేనే లేచి చెప్పాను. కొందరు నా మొహం చూడలేదు. సంఘం పెద్దాయన మాత్రం, "ఆ చుక్కలు ఇంకా దొరుకుతాయా అమ్మా?" అని అడిగాడు. అందుకే నువ్వు పని మానకు. ఈ ఉత్తరం చింపకు, మీ పెద్దసారుకు చూపించు. ఎవరో పొరపాటు చేశారని నన్ను వెనకేసుకు రావద్దు. మా అక్క ఓర్వలేక చేసిందని నీ నోటితోనే చెప్పు.

ఇట్లు,
నీ అక్క