కొహారు మారుకు ఒక పాయ

ఉరగా రేవు,
యుద్ధం ముగిసిన మరుసటి వసంతం.

తోవాకు,

నువ్వూ అమ్మా కులాసాగా ఉన్నారని నమ్ముతున్నాను. ఇక్కడ నాకేం లోటు లేదు, చలి మాత్రం ఇంకా వదల్లేదు. నువ్వు ఊరబెట్టి పంపిన ఉమె పళ్ళు నాకంటే మా వంటవాడు ఇవాజోనే ఎక్కువ తిన్నాడు, తిండిపోతు వెధవ.

మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగావు. నిచ్చెన ఎక్కేటప్పుడు తప్ప గుర్తు రావడం లేదు. "యుద్ధం అయిపోయిందిగా, ఇంకా ఆ సవతిని పట్టుకుని వేలాడతావేం?" అనీ అడిగావు. ఏం ఓడే మా కొహారు మారు! తైవాన్ నుంచి కోబెకు అరటిపళ్ళు మోయడానికి పుట్టింది. నౌకాదళం వాళ్ళు బూడిదరంగు పూసి, ముక్కు మీద ఫిరంగి బిగించారు. అది పేలినప్పుడల్లా వంటగదిలో గిన్నెలు పడ్డాయే తప్ప ఒక్క విమానమూ పడలేదు. అయినా దీవులకు బియ్యం చేర్చింది. అరటిగెలలు ఉండే చోట గాయపడ్డవాళ్ళను పడుకోబెట్టుకుని తెచ్చింది. తోటి ఓడలన్నీ మునిగిపోయినా ఇది కుంటుకుంటూ ఇల్లు చేరింది. నా తల్లే, అని దండం పెట్టాలనిపిస్తుంది.

ఇక అసలు మాట. నిరుడు వేసవిలో బాంబు పడి ఓడ ముందు స్తంభం మొదలంటా విరిగిందని నీకు రాయలేదు. ఓడకు ప్రాణం పొయ్యాలంటే కెప్టెన్ పెళ్ళాం జుట్టు పెట్టాలి, మా కెప్టెన్‌కు పెళ్ళాం లేదని నీ జుట్టు పాయనే పెట్టెలో పెట్టి ఆ స్తంభం కింద దాచాం కదా, అదీ పోయింది. మొన్న కొత్త స్తంభం నిలబెట్టారు, దాని కింద పెట్టడానికి పాయ లేదు. దక్షిణ దీవుల్లో మిగిలిపోయిన మనవాళ్ళను తేవడానికి మళ్ళీ బయలుదేరుతున్నాం. దారిలో మందుపాతరలు ఇంకా ఏరలేదు. వయసు మళ్ళినవాళ్ళు దిగిపోవచ్చన్నారు. నేను దిగలేదు తోవా. అక్కడ వాళ్ళు గడ్డి ఉడకబెట్టుకు తింటున్నారట. నాకు భయం లేదని మాత్రం అనను.

"రేవులో ఏ అమ్మాయిని అడిగినా ఓ పాయ ఇవ్వదా, సరంగు గారూ?" అన్నాడు ఇవాజో.

"నోర్ముయ్యరా! పరాయి ఆడదాని మాట ఇది వింటుందా?" అని కసిరాను.

నన్ను తిట్టాలనుంటే తనివితీరా తిట్టు. తిట్టాక ఒక పాయ కత్తిరించి పంపు. నల్లవెంట్రుకలు ఏరకు, తెల్లవే పంపు. మనిద్దరం కలిసి ముసలివాళ్ళమవుతున్నామని ఓడకు తెలిస్తే, నన్ను తిరిగి తెచ్చి నీకు అప్పగిస్తుంది.

ఇట్లు,
నీ సవతి దగ్గరున్న నీ మొగుడు,
కుమజో